కోడి తప్పు

ఎదుటివాడి వాదనలో తప్పుంటే వాడు మూడో మాట అనేలోపు పట్టేస్తానని తోంకా ఆదివారం పొద్దున్న ఆలివ్ గానుగ మిల్లులో అందరి ముందూ ప్రకటించింది. తప్పుడు వాదనతో తనని ఒప్పించగల మనిషి ఈ దీవిలో ఇంకా పుట్టలేదంది. బయట ఎక్కడైనా పుట్టినా, మన ఫెర్రీ టైములకి వాడు ఇక్కడికి చేరేసరికి ముసలాడైపోతాడంది.

ఆ సాయంత్రమే అమ్మమ్మ పెరీనా ఆమెతో కట్టెలు మోయించింది.

"కట్టెలన్నా మొయ్యి, లేకపోతే ఈ ముసలిది చలికి బిగుసుకుపోయినా నాకేం ఫర్వాలేదని మొహమ్మీద చెప్పెయ్యి."

తోంకా మొదటి మోపు మోసింది. రెండోది మోసింది. మూడో మోపు భుజాన ఉండగా వాకిట్లో టక్కున ఆగిపోయింది.

"అమ్మమ్మా! ఇది రెండు తలుపుల తప్పు! ఇటో అటో తప్ప మూడో దారి లేనట్టు మాట్లాడావు. పొయ్యి పక్కన వారానికి సరిపడా కట్టెలున్నాయి కదా!"

"ఉన్నాయి," అంది అమ్మమ్మ బఠానీలు ఒలుస్తూ. "ఆ నాలుగో మోపు కూడా పట్రా, వారమున్నరకి సరిపోతాయి."

నాలుగో మోపు కోసం కట్టెల కొట్లోకి వెళ్ళినప్పుడే తోంకాకి పిల్లి కనబడింది. మిల్లు పిల్లి, సార్దెలా. పాత చేపల వల కింద పడుకుని నాలుగు పిల్లలకి పాలిస్తోంది. అమ్మమ్మకి పిల్లులంటే గిట్టదు. ఊరపిల్లి అనుకుంటే చీపురు తిరగేస్తుంది, ఎవరిదో పెంపుడు పిల్లి అయితే మాత్రం ఊరుకుంటుంది. అందుకని తోంకా జేబులోంచి నీలం పురికొస తీసి సార్దెలా మెడకి వదులుగా కట్టింది. అలవాటుకొద్దీ తన ముడే వేసింది. రెండు చుట్లు తిప్పి, చివర లోపలికి దోపి, ఎదురు లాగే ముడి. మిల్లు గుమ్మంలో కాటా చూసేది తోంకాయే, అక్కడ తూకమైన ప్రతి గోనెసంచికీ ఆమె వేసే ముడి అదే. దీన్ని విప్పాలంటే కత్తి కావాలి, లేదా తోంకా కావాలి. నిరుడు షాపు వీత్సా ఒక సంచి మూతి విప్పబోయి రెండు గోళ్ళు పోగొట్టుకుంది.

సోమవారం జూగో మొదలైంది.

దక్షిణం నుంచి వచ్చే ఆ తడిగాలి పట్టుకుందంటే దీవంతా జ్వరం వచ్చిన మనిషిలా అయిపోతుంది. గోడలకి చెమట పడుతుంది. ఉప్పు ముద్ద కడుతుంది. మొగుడూ పెళ్ళాల మధ్య చెంచా కిందపడినా పోట్లాటే. అందుకే జూగోలో నోరుజారిన మాటని మర్నాడు ఎవరూ తవ్వకూడదు. మిల్లు గోడమీద, మిల్లు నడిపే రైతుల సంఘాన్ని పెట్టిన తాతలు రాయించిన బోర్డు కూడా ఉంది: జూగో వీస్తుండగా చేసిన తీర్మానం చెల్లదు. పెళ్ళాలకి చెప్పితీరాల్సిన నిజాలన్నీ ఆ దీవి మగవాళ్ళు జూగో రోజుల కోసం దాచుకుంటారు. నిరుడు ఏకబిగిన తొమ్మిది రోజులు వీస్తే, పదోరోజుకి ఊళ్ళో ఒక్కడి దగ్గరా రహస్యం మిగల్లేదు.

మిల్లులో వరస గుమ్మం దాటి వీధిలోకి సాగింది. వరసలో నిలబడ్డవాళ్ళు వాదించుకుంటారు, వేరే పనేముంది? అందుకే తోంకా కాటా పక్కన ఒక మట్టిగిన్నె పెట్టింది. తప్పుడు వాదన చేసి దొరికినవాళ్ళు అందులో ఒక ఎండు అంజీర్ పడెయ్యాలి. పట్నంలో చదువుకున్నప్పుడు తర్కం క్లాసులో ఆ తప్పులకి నోరు తిరగని పేర్లుండేవి. తోంకా వాటికి ఊరి పేర్లు పెట్టింది. ఆట మొదలై పది రోజులైంది, గిన్నె సగం నిండింది.

కుజ్మా రెండు పీపాలతో వచ్చాడు. దూలంలాంటి మనిషి, గొంతు కూడా దూలమే. ఊళ్ళో పెద్ద మగవాళ్ళందరిలాగే అతన్నీ బార్బా, అంటే బాబాయ్, అని పిలుస్తారు. పీపాల్లో ఆలివ్ కాయలు సముద్రపు నీళ్ళలో తేలుతున్నాయి.

గానుగ నడిపే రూజా వచ్చి పీపాలో చెయ్యి పెట్టింది. యాభై దాటిన మనిషి, తోంకాలాంటివాళ్ళకి తేతా, అంటే పిన్ని. సీజను మొదట్లో, అంటే మూడు వారాల కింద, సముద్రం అవతల కొండల వెనకనుంచి వచ్చింది. ఒక కాయ తీసి బొటనవేలితో నొక్కింది, వాసన చూసింది, చేతిగుడ్డతో వేళ్ళు ఒకటొకటిగా తుడుచుకుంది.

"ఎన్ని రోజులైంది బార్బా?"

"పంతొమ్మిది."

"కోసిన రెండు రోజుల్లో తెమ్మన్నాను కదా. ఇన్నాళ్ళు నీళ్ళలో ఉంటే నూనె పాడైపోతుంది."

"మా తాత సముద్రపు నీళ్ళలోనే పెట్టాడు. ఆయన తాతా పెట్టాడు. ఇద్దరూ తొంభై ఏళ్ళు గుండ్రాయిలా బతికారు. కొండ వెనక సముద్రముందా ఏంటి, నాకు చెప్పొచ్చావు!"

"తాత తప్పు!" అని కాటా దగ్గర్నుంచి అరిచింది తోంకా. "పాతది కాబట్టి మంచిదే అనడం. పైగా ముక్కు తప్పు! ఆవిడ మాట వదిలేసి ఆవిడ ఊరు ఎత్తడం. రెండు అంజీర్లు తియ్యి బార్బా!"

వరసంతా నవ్వింది. కుజ్మా గొణుక్కుంటూ రెండు పళ్ళు విసిరాడు. రూజా నవ్వలేదు, పీపాలు తొట్టివైపు దొర్లించుకుపోయింది.

"అవునే, సార్దెలా ఏది?" అంది వీత్సా. "నిన్నట్నుంచీ కనబడ్డం లేదు."

తోంకాకి ఒక జోకు తట్టింది. మొహాన్ని మాత్రం శవయాత్రలో ఫాదరీలా పెట్టింది.

"శనివారం రూజా తేతా మిల్లంతా సోడా పొడితో కడిగింది," అంది నెమ్మదిగా. "ఆదివారం పిల్లి మాయం. ఇంక నేనేం చెప్పను, మీరే ఆలోచించుకోండి."

ఇది పచ్చి కోడి తప్పు. కోడి కూసింది, తర్వాత తెల్లారింది, కాబట్టి కోడే తెల్లార్చిందనడం. ఆ గిన్నె పెట్టిన మొదటిరోజే అందరికీ నేర్పింది. ఒక్కరు "కోడి తప్పు" అని అరిస్తే చాలు, గిన్నెడు అంజీర్లూ వాళ్ళ ఒళ్ళో పోసేద్దామనుకుంది.

ఎవరూ అరవలేదు. వీత్సా గుండెలమీద శిలువ గుర్తు వేసుకుంది. "నేనూ అదే అనుకుంటున్నా, ఏదో ఘాటు కొడుతోంది," అన్నాడు కుజ్మా. వెనకనుంచి ఎవరో "పాపం, నోరులేని జీవి" అన్నారు.

పది లెక్కపెట్టి చెప్పేద్దామనుకుంది తోంకా. ఆరు దగ్గరుండగా కాయలు నూరే రాళ్ళు తిరగడం మొదలైంది, ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. సరే, రేపు చెప్దాం. రేపటికి ఇంకా పండుతుంది.

తొట్టి దగ్గర రూజా తలెత్తి ఒక్కసారి తోంకాని చూసింది. మొహం కాదు, స్వెట్టరు చేతివైపు. తోంకా కిందికి చూసుకుంది. బూడిదరంగు వెంట్రుకలు నాలుగు అంటుకుని ఉన్నాయి. గబుక్కున దులిపేసుకుంది.

మంగళవారానికి జోకు పండలేదు, పురుగు పట్టింది.

తోంకా రొట్టెకోసం వీత్సా షాపుకి వెళ్తే, అక్కడి కబుర్లలో పిల్లి అప్పటికే చచ్చిపోయి ఉంది. నోట్లో నురగట. కళ్ళు తేలేసిందట.

"ఎవరు చూశారు?" అంది తోంకా.

"ఎవరు చూడ్డమేంటే, ఊరంతా అంటుంటే!"

"మంద తప్పు. అందరూ అన్నంత మాత్రాన..."

"నా దగ్గర అంజీర్లు లేవు పో," అంది వీత్సా. నవ్వుతూ అనలేదు.

మధ్యాహ్నం కుజ్మా మిల్లుకొచ్చాడు. పట్నంలో పరీక్షకిచ్చిన నూనె సంగతి ఫోన్‌లో చెప్పారు. దీపాలకి తప్ప తినడానికి పనికిరాదట. ఏడాది పంట. అతను కాగితమేదీ తేలేదు, చేతులు మాత్రం తెచ్చాడు. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాటా పళ్ళెంమీద పెట్టాడు. ముల్లు వణికింది.

"నలభై ఏళ్ళు. అవే చెట్లు, అదే సముద్రం, అదే గానుగ. కొత్తగా వచ్చింది ఒక్కటే. ఆవిడ!"

"కొత్తది ఇంకోటుంది బార్బా," అంది తోంకా. "నిరుడు వారమే నానబెట్టావు. ఈసారి పంతొమ్మిది రోజులు."

"మధ్యలో నీకెందుకే అంత నొప్పి? ఆవిడ నీకేం ముట్టజెబుతోంది?"

"ఇదిగో, ముక్కు తప్పు!"

"ఆహా! నేనేమన్నా అదొక తప్పు, నువ్వు నా ముక్కు పట్టుకుంటే అది చదువా?"

ఈ మాటకి వరసలోవాళ్ళు నవ్వారు. నిన్నటి నవ్వు కాదది. నిన్న అందరూ తోంకాతో నవ్వారు. పది రోజులనుంచి తను పేరు పెట్టి పంచిన తప్పులన్నీ ఇప్పుడు వాళ్ళ చేతుల్లో రాళ్ళలా ఉన్నట్టు తోచింది. ఎవడికి ఏది దొరికితే అది విసురుతున్నాడు.

"సోడా పొడితో కడిగితే పిల్లి చచ్చింది. అదే గానుగలో నా కాయలు ఆడాయి. నూనె చచ్చింది. దీంట్లో తప్పేంటో చెప్పు!"

"పిల్లి కనబడకపోవడానికి వంద కారణాలుండొచ్చు."

"ఒక్కటి చెప్పు," అన్నాడు కుజ్మా.

తోంకా నోరు తెరిచింది. కాటా పళ్ళెంమీద అతని పిడికిలి తన తలకాయంత ఉంది. వెనక వీత్సా, ఆమె వెనక ఇరవైమంది. అందరూ తన నోటివైపే చూస్తున్నారు. చెమట పట్టిన గోడలమీదనుంచి నీళ్ళు జారుతున్నాయి.

"ఏమో," అంది. "ఊరికే అన్నా."

బుధవారం కుజ్మా మనవరాలు వాంతులు చేసుకుంది. ముందురోజు ఆ పిల్ల వీత్సా షాపులో చేసిన పుట్టినరోజు కేకు నాలుగు ముక్కలు తిందని అందరికీ తెలుసు. అందరూ ఆ కేకు గురించి చెప్పుకుని, దాన్ని పక్కన పెట్టి, గానుగలో విషం గురించి మాట్లాడుకున్నారు. సాయంత్రానికి సోడా పొడి కాస్తా ఎలకల మందైంది. కొండ వెనకాల ఆడవాళ్ళు మందులు కలుపుతారని ఎవరి మేనత్తో ఎప్పుడో చెప్పిందట. వరస సగమైంది. కాయలు సంచుల్లోనే వేడెక్కి బూజు పడుతుంటే, దానికీ కారణం రూజాయే అయింది.

తోంకా ఇంటికి వెళ్తూ తీరంవెంట నడిచింది. సముద్రం సీసం రంగులో ఉంది. కెరటం రాయిమీద పడినప్పుడల్లా తన మాటే వినబడుతున్నట్టుంది. మీరే ఆలోచించుకోండి. మీరే ఆలోచించుకోండి. వాళ్ళు ఆలోచించుకున్నారు.

ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు? ఒకసారి ఫెర్రీలో గురక పెట్టేవాళ్ళకి వేరే టిక్కెట్టని వేళాకోళానికి నోటీసు అంటించింది తనే. సగం దీవి వారంపాటు కళ్ళు చించుకుని ప్రయాణం చేసింది. నమ్మకపోతే నవ్వుతారు, అది ఫర్వాలేదు. నమ్మితే? కుజ్మా పిడికిలి కింద కాటా ముల్లు వణకడం గుర్తొచ్చింది.

గురువారం తెల్లవారేసరికి మిల్లు పక్కనున్న రాతిమెట్లమీద ఎవరో నూనె పోశారు. రూజా ఉండే గది పైన, ఆ మెట్లే దారి. మొత్తం పద్నాలుగు మెట్లు. ఆమె ఆరోదాని దగ్గర జారింది.

తోంకా వెళ్ళేసరికి రూజా కుడి మణికట్టుకి గుడ్డ చుట్టుకుని, ఎడంచేత్తో మెట్లు తోముతోంది. బూడిద చల్లడం, రుద్దడం, నీళ్ళు పొయ్యడం. పోసింది మంచి నూనె. ఈ ఏటి పంటే. గడ్డివాసన ఇంకా పోలేదు.

"ఇలా ఇవ్వండి," అని తోంకా బ్రష్షు లాక్కుంది.

ఇద్దరూ కలిసి పద్నాలుగు మెట్లూ కడిగారు. మిల్లులోకి ఒక్కరు కూడా రాలేదు. ఆడటానికేమీ లేకపోయినా రూజా తొట్టి మూత తీసి, ముద్ద కలిపే రెక్కలని వేడినీళ్ళతో కడిగి, తెల్లగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని ముక్కు దగ్గర పెట్టుకుంది. రోజూ ఆఖర్న అలాగే చేస్తుంది. గుడ్డకి వాసనుంటే మళ్ళీ కడుగుతుంది.

"పోలీసులకి చెప్పరా?"

"ఏమని? నూనె మిల్లు మెట్లమీద నూనె పడిందనా?" రూజా గుడ్డ ఆరేసింది. "రేపు మీటింగు పెట్టారు కదా. పొమ్మంటే పోతాను. ఎక్కడికన్నదే తెలీదు. కొండవెనక ఇల్లు మా తమ్ముడి పెళ్ళాం తీసేసుకుంది. ఈ పైగదే ఉంది నాకు."

తోంకా గొంతులో మాట కదిలింది. తేతా, పిల్లి మా కొట్లో ఉంది. ఆరు మాటలు కూడా లేవు. కానీ అవి పంటి దగ్గరికొచ్చేసరికి ఆమె మణికట్టు కనబడింది. ఊదారంగు తిరిగి, గుడ్డలోంచి పొంగి ఉంది. ఆదివారం ఈ నిజం పిల్లికి సంబంధించినది. ఇవాళ ఆ మణికట్టుకి సంబంధించినది. నోరు మూసుకుంది.

భోజనాల వేళ రూజా రొట్టే, వేయించిన సార్డీన్లూ తీసి చెరిసగం పెట్టింది. తినడం అయ్యాక, తెగ్గోసి పక్కనపెట్టిన చేపతలకాయలన్నీ కాగితంలో పొట్లం కట్టి తోంకా ముందుకి తోసింది.

"తీసుకెళ్ళు. ఎవరికైనా పనికొస్తాయి."

తోంకా పొట్లం తీసుకుంది. గబగబా సంచిలో దాచుకుంది.

దారిపొడవునా ఆమెకి ఒకటే ఆలోచన. రేపు మీటింగు జూగోలోనే జరుగుతుంది. జూగోలో కేవలం మాట్లాడతారు, ఓటు వెయ్యరు. జూగోలో చెప్పిన నిజానికి శిక్ష లేదు, అది తాతలనాటి నియమం. రేపు లేచి నిలబడి, నవ్వుతూ, తలనొప్పి ఉన్నట్టు నుదురు పట్టుకుని చెప్పేస్తుంది. మాటకి పూచీ ఉండదు, రూజాకి మేలు మాత్రం జరుగుతుంది. తాతలు చేసిన నియమం కాబట్టి మంచిదే. ఇది తాత తప్పని వాకిలి దగ్గరికొచ్చాక గుర్తొచ్చింది. ఫర్వాలేదు, ఒక అంజీర్ వేసుకుందాం అనుకుంది.

శుక్రవారం కళ్ళు తెరిచేసరికి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది. గదిలో చలి, కత్తిలా శుభ్రమైన చలి. తోంకా దుప్పటి చుట్టుకుని కిటికీ దగ్గరికెళ్ళింది. ఆకాశం ఎవరో సోడా పొడితో తోమినట్టుంది. అవతలి తీరంలో కొండలు చెయ్యి చాపితే తగిలేంత దగ్గరికొచ్చాయి. సముద్రమంతా తెల్లటి గీతలు.

బూరా. ఉత్తరపు గాలి. రాత్రికిరాత్రి గాలి తిరిగింది.

దాంతోపాటు తన సాకూ పోయింది.

మూడొందలమంది ఉన్న ఊరినుంచి మిల్లుకి నాలుగొందలమంది వచ్చినట్టనిపించింది. గుమ్మంలో సంఘం పెద్ద యెర్కో నిలబడి చూపుడువేలు నాకి గాల్లోకి ఎత్తాడు. జెండా గుడ్డ చిరిగిపోయేలా కొట్టుకుంటున్నా సరే, ఆయన వేలు ఎత్తందే గాలి మారినట్టు కాదు.

"బూరా," అన్నాడు యెర్కో. "ఇవాళ అన్న మాటకి అన్నవాడే పూచీ. ఇవాళ ఓటు చెల్లుతుంది."

రూజా బాయిలరు పక్కన స్టూలుమీద కూర్చుంది. ఆమె కాళ్ళ దగ్గర తాడుతో కట్టిన పెట్టె ఒకటుంది. తోంకా దాన్ని చూడకుండా ఉండటానికి బోర్డు చదివింది, గిన్నెలో అంజీర్లు చూసింది, తన బూట్లు చూసింది. అమ్మమ్మ పెరీనా పక్కనే కూర్చుని, గుండెలమీద చేతులు కట్టుకుని, మనవరాలి మొహమే చూస్తోంది.

కుజ్మా లేచాడు. కేకలెయ్యలేదు. బూరాలో మనుషులు కేకలెయ్యరు, అదే భయంగా ఉంది.

"ఆవిడకి నేను శత్రువుని కాను. జరిగింది చెప్తా, మీరే చూడండి. కడిగింది. పిల్లి పోయింది. నూనె పాడైంది. పిల్ల వాంతి చేసుకుంది. ఇన్ని ఊరికే జరుగుతాయా?"

తోంకా లేచింది. "బార్బా, నాలుగు చిల్లుల కుండలు పేరిస్తే ఒక మంచి కుండ అవదు. విడివిడిగా ఒక్కటైనా నిలబడితే కదా..."

"కూర్చోవే. కుండలూ, కోళ్ళూ, ముక్కులూ!" అంది వీత్సా. "పదిహేను రోజుల్నుంచీ అందరి నోళ్ళూ మూయిస్తున్నావు."

"తోంకా, నీకు నిజంగా ఏదైనా తెలిస్తే చెప్పు," అన్నాడు యెర్కో. "పేర్లొద్దు."

తోంకా యెర్కోని చూసింది, తెరిచిన తలుపులోంచి ఆ నిర్దాక్షిణ్యమైన నీలాకాశాన్ని చూసింది. "నాకు తెలిసింది... అంటే..."

అప్పుడే తలుపు దగ్గర జనం పక్కకి జరిగారు. కాళ్ళ మధ్యనుంచి, చెవులు వెనక్కి పెట్టుకుని, నోట్లో ఒక పిల్లని కరుచుకుని, సార్దెలా లోపలికొచ్చింది. కట్టెల కొట్టు పలకల సందుల్లోంచి బూరా దూరితే ఏ తల్లి మాత్రం అక్కడుంటుంది? సూటిగా బాయిలరు దగ్గరికెళ్ళి, రూజా పెట్టె పక్కన వెచ్చటి నేలమీద పిల్లని దింపింది. మిగతా మూడింటికోసం వెనక్కి తిరిగింది.

మిల్లంతా ఊపిరి బిగబట్టింది. తోంకా కళ్ళు మూసుకుంది. అయిపోయింది, దేవుడా, నేనేమీ చెప్పక్కర్లేకుండానే అయిపోయింది. చచ్చిన పిల్లి నడిచొచ్చాక ఇంక వాదనేముంది?

"చూశారా!" అంది వీత్సా గొంతు వణుకుతూ. "ఆవిడ పెట్టె సర్దింది. పిల్లి తిరిగొచ్చింది!"

"అవును," అన్నారు ఎవరో. "నోరులేనిదానికి కూడా తెలిసిపోయింది." "వెళ్ళిపోతోందని పసిగట్టింది." ఆ మాట వరసలు దాటుకుంటూ వెనక గోడదాకా వెళ్ళింది. తలలు ఊగాయి. యెర్కో కూడా గడ్డం గోక్కున్నాడు.

తోంకా కళ్ళు తెరిచింది. చచ్చిందంటే ఆవిడ వల్ల. బతికొచ్చిందంటే ఆవిడ వల్ల. ఇంక పిల్లి పాట పాడినా ఆవిడ వల్లే. కోడి తప్పు అని అరవడానికి నాలుక లేచింది, మళ్ళీ పడుకుంది. దాంతో ఏం లాభం లేదు. తప్పుకి పేరు పెట్టినంత మాత్రాన అది చావదు. పేరుపెట్టి పిలిస్తే ఇంకా దగ్గరికొస్తుంది.

సార్దెలా కుజ్మా బూట్లమధ్యనుంచి పోబోయింది. అతను వంగి దాన్ని ఎత్తుకున్నాడు, దూలంలాంటి చేతుల్లో జాగ్రత్తగా. మెడదగ్గర వేలు ఆగింది. నీలం పురికొస. లాగి చూశాడు. విప్పబోయాడు. విప్పలేకపోయాడు.

మిల్లులో గోడవార పేర్చిన ప్రతి సంచి మూతికీ అదే రంగు, అదే ముడి. కుజ్మా సంచులవైపు చూశాడు. ముడివైపు చూశాడు. ఆఖర్న తోంకావైపు చూశాడు. అతనితోపాటు ఒకరొకరుగా అందరూ తిరిగారు. తిరుగుతున్న మెడల చప్పుడు తనకి వినబడిందని తోంకా తర్వాత ప్రమాణం చేసి చెప్పేది.

"ఇది విప్పవే," అన్నాడు కుజ్మా నెమ్మదిగా.

తోంకా వెళ్ళి విప్పింది. దోపిన చివర తీసి, ఎదురు లాగి, రెండు చుట్లు తిప్పింది. చేతులు వాటంతటవే చేశాయి. పురికొస అరచేతిలో మిగిలింది.

"నేనే," అంది.

"గట్టిగా చెప్పు," అన్నాడు యెర్కో. "ఇది బూరా. తెలుసుగా?"

"తెలుసు." అందరికీ వినబడేలా చెప్పింది. "ఆదివారం నుంచీ పిల్లి మా కట్టెల కొట్లో ఉంది. సోమవారం వీత్సా తేతా అడిగినప్పుడు నాకు తెలుసు. కావాలనే అలా అన్నాను. ఎవరో ఒకరు పట్టుకుంటారనుకున్నా, అందరం నవ్వుకుంటామనుకున్నా. ఎవరూ పట్టుకోలేదు. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

"ఎందుకు?"

భయమేసిందని చెప్పొచ్చు. అది నిజమే, మంగళవారం నుంచి నిజం. కానీ అడిగింది సోమవారం గురించి.

"బాగుంది," అంది తోంకా. మొహం మండింది. "మీరందరూ నమ్ముతుంటే నాకు బాగుంది. నేను ఒక్కదాన్నే తెలివైనదాన్నని అనిపించింది. తర్వాత కుజ్మా బార్బా ఒక్క కారణం చెప్పమన్నాడు. నా దగ్గర సరిగ్గా ఒకటే ఉంది, అదే దాచుకున్నా. జూగో మీటింగులో చెప్తే మాటకి పూచీ ఉండదు కదా అని ఇవాళ్టికి దాచా. గాలి మారిపోయింది."

బాయిలరు దగ్గర పిల్లికూన సన్నగా కీచుమంది. అమ్మమ్మ పెరీనా కళ్ళు దించేసుకుంది.

"మరి మెట్లమీద నూనె?" అన్నాడు యెర్కో.

"అది నేను కాదు." ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని తోంకా భయపడింది. "కానీ నేను సోమవారం ఆ మాట అనకపోతే ఎవరూ ఆ మెట్లదాకా వచ్చేవాళ్ళు కాదు. ఇది కోడి తప్పు కాదు బార్బా. దీంట్లో మొదట కూసింది నిజంగా నేనే."

కుజ్మా సార్దెలాని కింద దింపి టోపీ తీశాడు. వీత్సా తన గోళ్ళవైపు చూసుకుంటోంది. ఆ బూరా వెలుగులో ప్రతి మొహం కడిగిన గాజులా కనబడుతోంది, దాచుకోవడానికి ఎక్కడా చోటు లేదు.

రూజా స్టూలుమీదనుంచి లేచింది. పెట్టె దాటి, కాటా దగ్గరికొచ్చి, ఎడంచేత్తో గిన్నెలోంచి ఒక అంజీర్ తీసుకుంది.

"ఇది నాది," అంది. "నేను సోమవారమే పట్టుకున్నా."

"మరి చెప్పలేదేం తేతా?" అంది తోంకా. ఏడుపు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు.

"నేను చెప్తే నమ్ముతారా ఎవరైనా? నువ్వే చెప్తావని చూశా. నాలుగు రోజులు చూశా." అంజీర్ని సగం కొరికి, తోంకా స్వెట్టరు చేతిమీద మిగిలిన ఒక్క బూడిదరంగు వెంట్రుకని రెండు వేళ్ళతో తీసింది. "నిన్న చేపతలకాయలు ఇచ్చినప్పుడైనా చెప్పలేదేంటే?"

తోంకా చేతిలో ఇంకా నీలం పురికొస ఉంది. దాన్ని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, చివరికి ఆపేసింది.

"నిన్న మీ చెయ్యి చూశాక," అంది, "నిజం చెప్పడంకంటే మీరు వెళ్ళిపోతేనే నాకు నయమనిపించింది తేతా. ఒక్క నిమిషం. కానీ అనిపించింది."